దానియేలు చూసిన సింహం బ్రిటన్ కాదు

వందనాలు బ్రదర్. మీరు రాసినదాన్ని ముందు నా మాటల్లో చెబుతాను, సరిగా అర్థం చేసుకున్నానో లేదో చూడండి. మీ ఊళ్లో మూడు రోజులు ప్రవచన సభలు జరిగాయి. వచ్చిన బోధకుడు బైబిల్లోని దానియేలు గ్రంథం 7వ అధ్యాయం తీసి, దానియేలు దర్శనంలో చూసిన నాలుగు జంతువుల్లో సింహం అంటే బ్రిటన్, దాని వీపు మీది పక్షిరాజు రెక్కలు అమెరికా, ఎలుగుబంటి రష్యా, చిరుతపులి జర్మనీ అన్నారు. నాలుగో జంతువు పది కొమ్ములు ఎవరో ఇంకా తేలలేదు గానీ త్వరలోనే తేలిపోతుందన్నారు. వచ్చే నెల యూత్ మీటింగ్‌లో అదే అధ్యాయం మీరు చెప్పాలి. "సభలో వింటుంటే ఒళ్లు జలదరించింది. ఇంటికొచ్చి చదివితే బ్రిటన్ ఎక్కడా దొరకలేదు. ఈ రాజ్యాల ప్రవచనాలను అసలు ఎలా చదవాలి?" ఇదీ మీ ప్రశ్న.

ఇంటికొచ్చి చదివారు కదా, సగం పని అక్కడే అయిపోయింది.

నేను ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాను. ఆదివారాలు సంఘంలో బైబిల్ క్లాసు ఇప్పటికీ నడుపుతున్నాను. మీ బోధకుడిని తప్పుపట్టే ముందు నా తప్పు కూడా చెప్పాలి. 1981లో నేను డిగ్రీ చదువుతున్నప్పుడు మా ఊరికి ఒక ప్రసంగీకుడు వచ్చారు. పందిరి కింద రెండు గుంజలకు కట్టిన పొడవాటి గుడ్డ, దాని మీద రంగుల పటం. ఈ చివర ఏదెను తోట, ఆ చివర కొత్త యెరూషలేము, మధ్యలో బబులోను రాజు నెబుకద్నెజరు కలగన్న ప్రతిమ. ఆ కలలో ఒక రాయి వచ్చి ప్రతిమను పొడి చేస్తుంది. ప్రతిమ కాలి వేళ్లు పది, ఒక్కో వేలికీ ఒక్కో దేశం పేరు. ఆ జనవరిలోనే గ్రీసు యూరోపియన్ ఎకనామిక్ కమ్యూనిటీలో పదో దేశంగా చేరింది. "పదో వేలు కూడా వచ్చేసింది, ఇక మిగిలింది రాయి పడటమే" అన్నారాయన. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పటం మొత్తం నోట్‌బుక్‌లో దించుకున్నాను, మరుసటి వారం సండే స్కూల్ పిల్లలకు అదే చెప్పాను. 1986లో స్పెయిన్, పోర్చుగల్ కూడా చేరాయి. దేశాలు పన్నెండయ్యాయి. కాలికి పన్నెండు వేళ్లు గీయలేక నోట్‌బుక్ మూసేశాను. ఇప్పుడు అక్కడ ఇరవై ఏడు దేశాలున్నాయి.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు గానీ గమనించని విషయం ఇంకొకటి ఉంది. దానియేలు 2వ అధ్యాయంలో "పది" అనే అంకే లేదు. పాదాలు, వేళ్లు ఉన్నాయి. పది అనేది 7వ అధ్యాయంలో కొమ్ములకు చెప్పిన లెక్క. మనిషికి పది వేళ్లుంటాయి కాబట్టి మనమే ఆ లెక్కను ఇక్కడికి తెచ్చి అతికించాం.

చిన్నప్పుడు ఆవు వ్యాసం జోకు విని ఉంటారు. కుర్రాడికి ఆవు గురించి తప్ప ఏమీ రాదు, రైలు గురించి రాయమన్నా రైలు పట్టాల పక్కన ఆవు మేస్తుంటుంది, అక్కణ్ణుంచి వ్యాసమంతా ఆవే. మన ప్రవచన సభలు చాలావరకు ఇలాగే నడుస్తాయి. ఏ అధ్యాయం తీసినా ఆ వారం వార్తల దగ్గర తేలుతుంది. ఏదైనా వింత జరగగానే "బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారు" అనడం మన ఊళ్లల్లో అలవాటు. ఆ అలవాటుతోనే మనం దానియేలునూ చదువుతున్నాం. జరిగినదాన్ని పట్టుకుని వెనక్కి వెళ్లి వచనం వెతకడం. అలా వెతికితే దేనికైనా ఏదో ఒకటి దొరుకుతుంది.

సరే, సింహం దగ్గరికి వద్దాం. 7:4, అంటే 7వ అధ్యాయం 4వ వచనం, నెమ్మదిగా చదవండి. సింహానికి పక్షిరాజు రెక్కల్లాంటి రెక్కలున్నాయి. దానియేలు చూస్తుండగానే ఎవరో ఆ రెక్కలు పీకేశారు. దాన్ని లేపి మనిషిలా రెండు కాళ్ల మీద నిలబెట్టారు. మనిషి మనసు ఇచ్చారు. ఇది ఎక్కడో విన్నట్టు లేదూ? కాస్త వెనక్కి, 4వ అధ్యాయానికి తిప్పండి. అక్కడ నెబుకద్నెజరుకు మనిషి మనసు పోయి పశువు మనసు వచ్చింది. పశువులా గడ్డి మేశాడు. వెంట్రుకలు పక్షిరాజు ఈకల్లా పెరిగాయి. చివరికి కళ్లు పైకెత్తాడు, బుద్ధి తిరిగొచ్చింది. పుస్తకం తన కథను తానే గుర్తుచేస్తోంది. యిర్మీయా కూడా ఉత్తరం నుంచి వచ్చే శత్రువును పొదలోంచి బయల్దేరిన సింహం అన్నాడు. యెహెజ్కేలు 17లో పెద్ద పక్షిరాజు బబులోను రాజే. అంతెందుకు, బబులోను నగరంలో ఇష్తార్ ద్వారానికి పోయే ఊరేగింపు దారి గోడల మీద మెరుగు పెట్టిన ఇటుకలతో చేసిన సింహాలు వరుసగా నడుస్తుండేవి. నీలం నేల మీద తెల్లటి, పచ్చటి సింహాలు. వాటిలో కొన్నిటిని బెర్లిన్‌లోని పెర్గమాన్ మ్యూజియంలో నిలబెట్టారు. బబులోనుకు చెరలోకి పోయిన యూదుడికి ఈ సింహం ఎవరో చెప్పడానికి పటమూ అక్కర్లేదు, ప్రసంగీకుడూ అక్కర్లేదు. పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టు మనం పోయి లండన్‌లో వెతుకుతున్నాం.

ఇక్కణ్ణుంచి నేను పాటించే పద్ధతి ఒక్కటే. దర్శనంలో దూతగానీ దానియేలుగానీ పేరు పెట్టి చెప్పినదాన్ని గట్టిగా పట్టుకుంటాను. పేరు చెప్పకుండా వదిలేసిన చోట నా గొంతు కాస్త తగ్గిస్తాను. పేర్లు ఎన్ని ఉన్నాయో చూడండి. 2:38లో బంగారు తల నెబుకద్నెజరు. 8:20లో రెండు కొమ్ముల పొట్టేలు మాదీయుల, పారసీకుల రాజులు. 8:21లో మేకపోతు గ్రీకుల రాజు. అంతే, మూడు పేర్లు. నాలుగో రాజ్యం పేరు పుస్తకంలో ఎక్కడా లేదు. రెండు వేల ఏళ్ల గొడవ అంతా ఆ ఖాళీలోనే జరిగింది.

మన సంఘాల్లో ఎక్కువమందికి తెలిసిన వరుస బబులోను, మాదీయ పారసీకం, గ్రీసు, రోమా. దీనికి గట్టి ఆధారమే ఉంది. 8వ అధ్యాయం మాదీయుల్నీ పారసీకుల్నీ ఒకే పొట్టేలుగా చూపిస్తుంది, ఒక కొమ్ము ఆలస్యంగా మొలిచి రెండోదానికన్నా పొడుగవుతుంది. అలాంటప్పుడు వాళ్లను రెండు రాజ్యాలుగా ఎలా విడదీస్తాం? పారసీక రాజు కోరెషు క్రీ.పూ. 539లో బబులోనును తీసుకున్నాడు, అలెగ్జాండర్ 331లో గౌగమేల దగ్గర మూడో దర్యావేషును ఓడించాడు, రోమా సేనాని పాంపే 63లో యెరూషలేములోకి నడిచాడు. వరుస చక్కగా కుదురుతుంది.

రెండో వరుస బబులోను, మాదీయులు, పారసీకులు, గ్రీకులు. విశ్వవిద్యాలయాల్లో ఎక్కువమంది పండితులు దీన్నే ఒప్పుకుంటారు. ఇది కొత్తగా పుట్టిన నాస్తికుల వాదన అని సభల్లో చెబుతుంటారు, నిజం కాదు. నాలుగో శతాబ్దపు సిరియా భక్తుడు ఎఫ్రేము కూడా నాలుగో రాజ్యం గ్రీకులదే అన్నాడు. దీనికీ వాక్యంలోనే ఆధారం ఉంది. 5వ అధ్యాయం చివర రాజ్యం తీసుకున్నది మాదీయుడైన దర్యావేషు, 6వ అధ్యాయం చివర అతని తర్వాత పారసీకుడైన కోరెషు పేరు వస్తుంది. పైగా 2:43లో ఇనుము మట్టితో కలిసినట్టు మనుషుల సంబంధాలతో కలుస్తారు గానీ అతకరు అని ఉంది. అలెగ్జాండర్ వారసుల్లో ఐగుప్తును ఏలిన టాలెమీలు, సిరియాను ఏలిన సెల్యూకసు వంశం వాళ్లు పిల్లనిచ్చి పుచ్చుకోవడం, మళ్లీ కొట్టుకోవడం చదివితే ఆ వచనం కళ్లకు కట్టినట్టుంటుంది.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెబుతున్నాను. 8వ అధ్యాయంలో చిన్న కొమ్ము గ్రీకు మేకపోతు నుంచే వస్తుంది, అది సిరియాను ఏలిన సెల్యూకసు వంశపు రాజు నాలుగో అంతియొకసు ఎపిఫనేసు అని రెండు పక్షాలవాళ్లూ ఒప్పుకుంటారు. 11వ అధ్యాయం కూడా అతని చుట్టూనే తిరుగుతుంది. అందుకని దానియేలు గ్రంథం తన చూపును ఎక్కువసేపు నిలిపింది ఆ గ్రీకు రాజు మీదే అని నేను అనుకుంటాను. కానీ రోమా ఏలుబడిలో బతికిన యూదులకు నాలుగో జంతువు రోమా అయింది, అందులోనూ తప్పు లేదు. ఇది నా సొంత సర్దుబాటు కాదు. క్రీ.శ. మొదటి శతాబ్దం చివర ఎజ్రా పేరు మీద వచ్చిన ఒక యూదు గ్రంథంలో ఎజ్రాకు సముద్రంలోంచి లేచిన పక్షిరాజు కనిపిస్తుంది. నీ సహోదరుడు దానియేలు చూసిన నాలుగో రాజ్యం ఇదే, కానీ నీకు చెబుతున్నట్టు అతనికి చెప్పలేదు అని అందులో దేవుడే అంటాడు. అంటే పాత దర్శనానికి కొత్త అర్థం వచ్చిందని దాపరికం లేకుండా ఒప్పుకున్నారన్నమాట. అదే కాలంలో రోమాలో చక్రవర్తుల నీడన కూర్చుని యూదుల చరిత్ర రాసిన జోసెఫస్, దానియేలు 2 గురించి అంతా చెప్పి రాయి దగ్గరికి వచ్చేసరికి తప్పించుకున్నాడు. నా పని జరిగిపోయినవి రాయడమే గానీ జరగబోయేవి కాదు అన్నాడు. పోషిస్తున్న రాజ్యం రాయి దెబ్బకు పొడైపోతుందని ఏ నోటితో చెబుతాడు? నాకైతే ఆయన మౌనమే పెద్ద వ్యాఖ్యానంలా కనిపిస్తుంది.

ప్రకటన గ్రంథం రాసిన యోహాను ఏం చేశాడో కూడా చూడండి. ఆ గ్రంథం 13వ అధ్యాయంలో సముద్రంలోంచి వచ్చే ఒకే క్రూరమృగానికి ఒళ్లు చిరుతపులిది, పాదాలు ఎలుగుబంటివి, నోరు సింహానిది. దానియేలు జంతువుల్ని వెనక నుంచి ముందుకు పేర్చి ఒక్కటిగా కలిపేశాడు. దానియేలు నాలుగు జంతువుల తలలు లెక్కపెట్టండి, ఒకటి, ఒకటి, నాలుగు, ఒకటి. మొత్తం ఏడు. కొమ్ములు పది. యోహాను మృగానికీ ఏడు తలలు, పది కొమ్ములు. ఆయన ఇది ఫలానా దేశం అని లెక్క తేల్చడం లేదు, మునుపటి రాజ్యాల క్రూరత్వమంతా ఒక్క ఒంట్లోకి వచ్చి చేరిందంటున్నాడు. ఆసియాలో ఆ ఉత్తరం విన్న ఏడు సంఘాలవాళ్లకు అది రోమా అని వెంటనే తెలిసింది. బెర్లిన్ దాకానో మాస్కో దాకానో ఆగాల్సిన అవసరం వాళ్లకు రాలేదు.

ప్రవచనం చరిత్రను ఎంత దగ్గరగా పట్టుకోగలదో చూడాలంటే 11వ అధ్యాయం చదవాలి. యూత్‌కు ఇది నచ్చుతుంది, కథలా చెప్పండి. 11:30లో కిత్తీయుల ఓడలు వస్తాయి, ఆ రాజు గుండె చెదిరి వెనక్కి తిరుగుతాడు, తిరిగి పోతూ పరిశుద్ధ నిబంధన మీద కోపం చూపిస్తాడు అని ఉంది. క్రీ.పూ. 168లో నాలుగో అంతియొకసు ఐగుప్తు మీదికి దండెత్తి అలెగ్జాండ్రియా పొలిమేర దాకా వచ్చాడు. ఓడ దిగి రోమా రాయబారి గయస్ పొపిలియస్ లేనస్ ఎదురొచ్చాడు. వెనక్కి వెళ్లిపొమ్మని సెనేటు రాసిన ఉత్తరం చేతిలో పెట్టాడు. నా స్నేహితులతో ఆలోచించుకుని చెబుతాను అన్నాడు రాజు. పొపిలియస్ తన చేతికర్రతో రాజు చుట్టూ ఇసుకలో గుండ్రంగా గీత గీసి, ఈ గీత దాటేలోగా జవాబు చెప్పు అన్నాడు. అంత సైన్యం వెనకున్న రాజు, గీత లోపల కాసేపు నిలబడి, సరే వెళ్తాను అన్నాడు. ఆ అవమానం ఎవరి మీద తీర్చుకున్నాడు? యెరూషలేము మీద. 167లో దేవాలయంలో బలులు ఆపించాడు, బలిపీఠం మీద అన్యదేవుడి బలిపీఠం పెట్టించాడు. ఈ వచనాన్ని పాతకాలం యూదులే ఇలా చదివారనడానికి సాక్ష్యం కూడా ఉంది. దానియేలు పాత గ్రీకు అనువాదంలో "కిత్తీయులు" అన్నచోట నేరుగా "రోమీయులు" అని రాసేశారు.

ఇంత దగ్గరగా ఉంది కాబట్టే మూడో శతాబ్దంలో పోర్ఫిరీ అనే తత్వవేత్త ఒక వాదన పెట్టాడు. ఇది బబులోను కాలంలో రాసింది కాదు, అంతియొకసు కాలంలో జరిగినవి చూస్తూ రాసింది అన్నాడు. అది క్రైస్తవుల మీద ద్వేషంతో పుట్టిన అబద్ధమని మన దగ్గర కొట్టిపారేస్తారు. ఇప్పుడు చాలామంది క్రైస్తవ పండితులూ దాదాపు అదే చెబుతున్నారు. మిగతావాళ్లు మృత సముద్రం దగ్గర కుమ్రాను గుహల్లో దొరికిన దానియేలు ప్రతుల్ని చూపిస్తారు. వాటిలో ఒకటి క్రీ.పూ. రెండో శతాబ్దం చివరిది, అంత తొందరగా ఒక కొత్త పుస్తకం లేఖనంగా చెలామణి అవుతుందా అని అడుగుతారు. 5వ అధ్యాయంలో కనిపించే బబులోను రాజు బెల్షస్సరు విషయంలో పుస్తకానికి మంచి మార్కులే పడ్డాయి. చాలాకాలం అలాంటి రాజే లేడన్నారు. శాసనాలు బయటపడ్డాక అతను బబులోను రాజు నబొనైదు కొడుకని, తండ్రి ఊళ్లో లేనప్పుడు రాజ్యం చూసుకున్నాడని తేలింది. గోడ మీది రాత చదివినవాడికి అతను "మూడో స్థానం" ఇస్తాననడంలో కిటుకు అప్పుడు అర్థమైంది, తానే రెండోవాడు కదా. మాదీయుడైన దర్యావేషు విషయంలో మాత్రం పుస్తకానికి బయట ఇప్పటికీ ఆధారం లేదు. యూత్ మీటింగ్‌లో ఎవరైనా కాలేజీ కుర్రాడు గూగుల్ చేసి ఈ పోర్ఫిరీ మాట అడుగుతాడు, రాసిపెట్టుకోండి. అప్పుడు కంగారు పడకుండా రెండు పక్షాలూ చెప్పండి. దాచిపెడితే ఆ పిల్లాడు రేపు ఇంకెక్కడో విని మీరు చెప్పినదంతా అనుమానిస్తాడు.

11వ అధ్యాయం చివరి ఆరు వచనాలు మాత్రం చిక్కే. అక్కడి రాజు సముద్రాలకూ పరిశుద్ధ పర్వతానికీ మధ్య గుడారం వేసుకుని అంతమవుతాడు. అంతియొకసు చనిపోయింది పారసీక దేశం వైపు, క్రీ.పూ. 164లో. అందుకే కొందరు 36వ వచనం దగ్గరో 40వ వచనం దగ్గరో మాట క్రీస్తు విరోధి మీదికి దూకుతుందంటారు. కొందరు అక్కడిదాకా జరిగిన చరిత్ర, అక్కణ్ణుంచి ముందు చూపు అంటారు. నేను దీని మీద ప్రాణం పెట్టి వాదించను. ఎందుకంటే ప్రవక్తలే ఇలాంటి విషయాల్లో మనకన్నా నిబ్బరంగా ఉంటారు. యెహెజ్కేలు 26లో తూరు పట్టణాన్ని నెబుకద్నెజరు కొల్లగొడతాడని ఉంది. పదమూడేళ్లు ముట్టడి సాగింది. కొల్లసొమ్ము మాత్రం చేతికి రాలేదు. 29:18లో యెహెజ్కేలే రాస్తాడు, ప్రతివాడి తల బోడి అయింది, ప్రతివాడి భుజం కొట్టుకుపోయింది, అయినా తూరు నుంచి అతనికీ సైన్యానికీ కూలి ముట్టలేదు అని. బరువులు మోసీ మోసీ తలలు బోడి అయిన కూలీల బొమ్మ అది. దానికి బదులుగా ఐగుప్తును ఇస్తున్నాను అంటాడు దేవుడు. తూరు దీవి నిజంగా కూలింది అలెగ్జాండర్ సముద్రంలో కట్ట వేసి ఏడు నెలలు ముట్టడించాక, క్రీ.పూ. 332లో. యెహెజ్కేలు పాత వాక్యాన్ని చెరిపేయలేదు, దిద్దలేదు, రెండూ పక్కపక్కనే ఉంచాడు. మనమైతే ఫ్లెక్సీ మార్చేస్తాం.

తారీకులు లెక్కేసే జబ్బు గురించి ఎక్కువ రాయను. ఒక్క పాత సంగతి మాత్రం చెబుతాను. క్రైస్తవుల్లో మనకు పూర్తిగా మిగిలిన మొట్టమొదటి బైబిల్ వ్యాఖ్యానం దానియేలు మీదే, హిప్పొలీటస్ రాశాడు, మూడో శతాబ్దం మొదట్లో. అందులో తన కాలంలో జరిగినవి రెండు చెబుతాడు. సిరియాలో ఒక సంఘ పెద్ద క్రీస్తును ఎదుర్కొందాం రండని ఆడవాళ్లనూ పిల్లలనూ వెంటేసుకుని ఎడారికి పోయాడు. వాళ్లు దారి తప్పి తిరుగుతుంటే దొంగల ముఠా అనుకుని అధికారి దాదాపు చంపించబోయాడు. పొంతులో ఇంకో పెద్దకు కలలొచ్చాయి, ఏడాదిలో తీర్పు దినం అన్నాడు. జనం పొలాలు వదిలేశారు, పశువుల్ని అమ్మేసుకున్నారు. ఏడాది గడిచింది. పెళ్లి మానుకున్న ఆడపిల్లలు పెళ్లిళ్లు చేసుకున్నారు, మగవాళ్లు మళ్లీ నాగలి పట్టారు, ఆస్తి అమ్ముకున్నవాళ్లు చివరికి అడుక్కున్నారు అని రాస్తాడు. అమెరికాలో విలియం మిల్లర్ 8:14లోని 2300 దినాల్ని సంవత్సరాలుగా తీసుకుని, క్రీ.పూ. 457 నుంచి లెక్కేసి 1843లో క్రీస్తు తిరిగి వస్తాడన్నాడు. క్రీ.పూ. 1 తర్వాత సున్నా సంవత్సరం లేదు, నేరుగా క్రీ.శ. 1 వస్తుంది, కాబట్టి 1844 అని తర్వాత దిద్దారు. చివరికి ఖాయం చేసుకున్న 1844 అక్టోబరు 22 కూడా మామూలు మంగళవారంలా గడిచిపోయింది. ఇంతా చేసి ఆ వచనంలో ఉన్నది "సాయంత్రాలు, ఉదయాలు", దేవాలయంలో ఆగిపోయిన రెండు పూటల బలుల లెక్క. అలా చూస్తే 1150 రోజులు, మూడేళ్ల పైచిలుకు. అంతియొకసు అపవిత్రం చేసిన దేవాలయాన్ని అతని మీద తిరగబడ్డ యూదులు, మక్కబీయులు, తిరిగి ప్రతిష్ఠించింది కూడా సుమారు మూడేళ్లకే, 164లో.

మీకు ఈ మధ్య వాట్సాప్‌లో వచ్చే ఉంటుంది, యెహెజ్కేలు 38లోని "రోషు" రష్యా, "మెషెకు" మాస్కో, "తుబాలు" టొబోల్‌స్క్ అని. శబ్దం కలిసింది కదా అని ముడిపెట్టడమే. మెషెకు, తుబాలు ఇప్పటి టర్కీ భూభాగంలో ఉన్న జాతులు, అష్షూరు శాసనాల్లో ముష్కి, తబల్ అని ఆ పేర్లే కనిపిస్తాయి. హీబ్రూలో రోష్ అంటే తల, ముఖ్యుడు అని అర్థం. ఈ లెక్కన మన ఊరి పేర్లకూ బైబిల్లో జోడీలు తేవచ్చు.

ఈ పటాల పిచ్చి మనకు ఎలా అంటుకుందో కూడా ఒక మాట. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లాండు, ఐర్లాండుల్లో పుట్టిన బ్రెదరెన్ ఉద్యమంలో జాన్ నెల్సన్ డార్బీ చరిత్రను యుగాలుగా కోసి చెప్పే పద్ధతిని బాగా పెంచాడు. 1909లో వచ్చిన స్కోఫీల్డ్ రిఫరెన్స్ బైబిల్ కింది నోట్సు దాన్ని ప్రపంచమంతా మోసుకెళ్లింది. మన గోదావరి డెల్టాలో బ్రెదరెన్ పని 1836 నుంచే ఉంది, బౌడెన్, బీర్ కుటుంబాలు వచ్చినప్పటి నుంచి. వాళ్లు చేసిన మేలు చాలా ఉంది, నేనూ ఆ నీళ్లు తాగినవాణ్ణే. కాకపోతే నోట్సు వేరు, వాక్యం వేరు. కింద చిన్న అక్షరాల్లో ఉన్నది పైకి ఎక్కి కూర్చోకూడదు.

అయితే ఈ ప్రవచనాలు మరి దేనికి అంటారా? నాకు కోరెషు దగ్గర తెలిసొచ్చింది. 1879లో బబులోను తవ్వకాల్లో జానెడు పొడవున్న, పీపా ఆకారపు మట్టి శాసనం దొరికింది. ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. బబులోనువాళ్ల దేవుడు మర్దూకు న్యాయవంతుడైన రాజు కోసం దేశాలన్నీ వెతికి కోరెషు చెయ్యి పట్టుకున్నాడని, పేరు పెట్టి పిలిచాడని అందులో ఉంది. ఇప్పుడు యెషయా 45 తెరవండి. యెహోవా కోరెషు కుడి చెయ్యి పట్టుకున్నాడు, పేరు పెట్టి పిలిచాడు, నువ్వు నన్ను ఎరగకపోయినా పిలిచాను అంటున్నాడు. సంఘటన ఒకటే, మాటలూ దాదాపు అవే. రాజ్యం ఇచ్చింది ఎవరు అన్నదగ్గరే తేడా. బబులోను వీధుల్లో మర్దూకు గెలిచాడని దండోరా వేస్తుంటే, మూల గదిలో కూర్చున్న చెరవాళ్లకు ప్రవక్త చెబుతున్న వార్త అది. దానియేలు కూడా వాళ్ల కోసమే. రాజ్యాలను నిలిపేవాడు, కూల్చేవాడు ఒకడున్నాడు, నీ నెత్తి మీదున్న సింహానికి కూడా రెక్కలు పీకే రోజు వస్తుంది అని. తరువాతి రాజ్యం ఏ దేశానిదో తెలిస్తే చెరవాడికి ఒరిగేదేమిటి?

పుస్తకం కట్టుబడిలోనే ఈ సంగతి ఉంది. 2:4 నుంచి 7వ అధ్యాయం చివరి దాకా అరమేయిక భాషలో ఉంది, మిగతాది హీబ్రూ. ఆ అరమేయిక భాగంలో 2, 7 నాలుగు రాజ్యాల అధ్యాయాలు. వాటి లోపల 3, 6. అగ్నిగుండం, సింహాల గుహ. వాటి లోపల 4, 5. గర్వించిన ఇద్దరు రాజులు. అంటే రాజ్యాల దర్శనాలు గోడల్లా అటూ ఇటూ నిలబడి ఉన్నాయి, లోపల కొంతమంది మనుషులు ఉద్యోగాలు చేసుకుంటూ, పన్నులు లెక్కలు చూసుకుంటూ, మొక్కమంటే మొక్కకుండా బతుకుతున్నారు. అగ్నిగుండంలో వేయించుకున్న షద్రకు వాళ్లు 3:18లో అన్న మాట చూడండి. దేవుడు రక్షించకపోయినా సరే మొక్కం అన్నారు. భవిష్యత్తు తెలిసినవాళ్లు చెప్పే మాట కాదది.

మీ మీటింగ్ సంగతి. గంటన్నర టైం ఉందన్నారు కదా. మొదటి ఇరవై నిమిషాలు ప్రొజెక్టర్ పెట్టకండి. 7వ అధ్యాయం ఒకరితో గట్టిగా చదివించండి, మిగతావాళ్లకు తలా ఒక తెల్లకాగితం, పెన్సిల్ ఇచ్చి వింటున్నది బొమ్మ వేయమనండి. నవ్వుకుంటారు, నవ్వనివ్వండి. మూడు పక్కటెముకలు నోట కరుచుకున్న ఎలుగుబంటి నవ్వు తెప్పించేదే. తర్వాత ఏ జంతువు మీద ఎన్ని వచనాలున్నాయో లెక్కపెట్టమనండి. సింహానికి ఒక్కటే, ఎలుగుబంటికి ఒక్కటే, చిరుతపులికి ఒక్కటే. మహావృద్ధుడి సింహాసనం, మనుష్యకుమారుని పోలినవాడు, రాజ్యం పరిశుద్ధులకు ఇవ్వడం, వీటికి ఎన్ని వచనాలు వచ్చాయో వాళ్లనే చెప్పనివ్వండి. అప్పుడు 4వ అధ్యాయం, 8:20, 21 చూపించి సింహం, పొట్టేలు, మేకపోతు ఎవరో వాళ్ల చేతే పట్టించండి. నాలుగోదాని దగ్గర రెండు వరుసలూ బోర్డు మీద రాసి వదిలేయండి.

మీ సభల బోధకుడి పేరు మాత్రం అక్కడ ఎత్తకండి. ఆయన్ని పిలిచిన పెద్దలు కూడా ఆ గదిలోనే వెనక వరసలో కూర్చుంటారు. ఎవరైనా బ్రిటన్ సంగతేమిటి అని అడిగితే 7:4 వాళ్ల చేతే ఇంకోసారి చదివించండి.